బజ్జీలకు పోయిన పేజీలు

చిన్ననాటి దోస్తు అజీజ్ భార్య ఆ పుస్తకాన్ని తెచ్చి నా చేతిలో పెట్టగానే నాకు వాడి మీద కోపం వచ్చింది. పోయి నలభై రోజులైన మనిషి మీద కోపమేమిటని ఎవరైనా అనొచ్చు. ఫాతెహా ప్రార్థన అయిపోయింది. బోధన్‌లో వాళ్ల ఇంటి ముందు టెంటు కింద జనం భోజనాలు చేస్తున్నారు. నేనూ, మా సాయిలన్నా లోపలి గదిలో చాప మీద కూర్చున్నాం. ఇన్నేళ్లలో ఆ పుస్తకం ఏమైందని ఎన్నిసార్లడిగినా "యాడ పెట్టిన్నో యాదికి లేదు యార్" అని తప్పించుకున్న పెద్దమనిషి, దాన్ని బీరువాలో తన పెళ్లి షేర్వానీ కింద పాలిథిన్ కవరు చుట్టి దాచుకున్నాడు. "మీ ఇద్దరికే ఇయ్యుమన్నడు అక్కా, దవాఖానల ఉన్నప్పుడే చెప్పిండు" అంది ఆమె. అన్న ఎడమచెయ్యి చాచి దాన్ని తీసుకుని, తెరిచి, ముఖానికి దగ్గరగా పెట్టుకుని వాసన చూశాడు. వర్నిలో రైస్ మిల్లుకు కాపలా ఉంటూ ముసలివాడైన మనిషి, అంతమంది ముందు అలా చేస్తుంటే నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

ఆ పుస్తకమేమిటో ముందు చెప్పాలి. అది కథల పుస్తకం కాదు, ఒక ఆటకు రాసిన నియమాల పుస్తకం. నలుగురు చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడిపిస్తారు: మీరు పాడుబడ్డ కోట తలుపు దగ్గరున్నారు, లోపల ఏదో గుర్రుమంటోంది, ఏం చేస్తారు? మిగిలినవాళ్లు తలా ఒక వేషం కట్టి, ఒకరు కత్తివీరుడిగా, ఒకరు మంత్రగత్తెగా, నోటిమాటతోనే లోపలికి పోతారు. కత్తి దూశానంటే సరిపోదు, దెబ్బ తగిలిందో లేదో పాచిక తేలుస్తుంది. ఇప్పుడు కాలేజీ పిల్లలు హాస్టల్ గదుల్లో పొద్దంతా ఆడుతున్నారు, కొత్త పుస్తకాలు రంగురంగుల బొమ్మలతో వస్తున్నాయి. మేం ఆడిన రోజుల్లో నిజామాబాద్ జిల్లా మొత్తంలో ఈ ఆట తెలిసింది మా ముగ్గురికే అని నా నమ్మకం. ఎవరైనా కాదంటే వచ్చి నాతో పోట్లాడవచ్చు.

అజీజ్ మేనమామకు నిజామాబాద్‌లో పాత కాగితాలు కొనే రద్దీ దుకాణం ఉండేది. పోచంపాడ్ డ్యాం దగ్గర పనిమీద వచ్చిపోయిన ఎవరో విదేశీ ఇంజనీరు సామానుతో పాటు ఈ పుస్తకం ఒక గోనెసంచిలో ఆ దుకాణానికి చేరింది. సెలవులకు పోయిన అజీజ్ కంట పడేసరికే దాని అట్ట పోయింది. నడుమ కొన్ని కాగితాలు కూడా పోయాయి. వాటిని ఆ మేనమామ చింపి, సందు మొదట్లో ఉన్న బజ్జీల బండికి ఇచ్చేశాడట. మిగిలిన పుస్తకాన్ని అజీజ్ అడిగి తెచ్చుకున్నాడు. అట్ట లేదు కాబట్టి ఆటకు పేరు కూడా తెలియదు. మేం 'కోట' అన్నాం. వాడొక్కడే ఇంగ్లిష్ మీడియం కాబట్టి చదివి చెప్పేది వాడు, కథ నడిపేదీ వాడే. సీజన్‌లో చెరుకు నరకడానికి మహారాష్ట్ర వైపు నుంచి వచ్చే కూలీల గుంపుకు ముకద్దం అని ఒక పెద్ద ఉంటాడు, అతని మాటే చట్టం. అందుకని అజీజ్‌ను మేం ముకద్దం అనేవాళ్లం. ఆ పేరు వాడికి ఎంత నచ్చిందంటే, చివరిదాకా నాకు ఫోన్ చేసి "ముకద్దం మాట్లాడుతున్న" అనేవాడు.

పుస్తకంలో ఇరవై ముఖాల పాచిక అని ఉంది. అలాంటిది లోకంలో ఉంటుందని మాకు నమ్మకం కుదరలేదు. మా అవ్వ, అంటే మా అమ్మ, ఎండబెట్టిన పసుపులో నుంచి గుండ్రటి దుంపలు ఇరవై ఏరి, వాటి మీద అంకెలు రాసి, చిన్న సంచిలో వేసి కలిపి ఒకటి తీసేవాళ్లం. ఆట అయ్యేసరికి చేతులు పచ్చగా ఉండేవి, ఆ చేతులు చూసే మేమేం చేశామో అవ్వ కనిపెట్టేది. మనిషి ప్రాణబలాన్ని చూపే అంకెను మేం 'ఊపిర్లు' అన్నాం. అన్న వేషం గొడ్డలి పోశెట్టి. నాది ఎల్లవ్వ, మంత్రగత్తె. పాత పుస్తకంలో మంత్రగత్తెకు మొదట్లో ఒకటే మంత్రం, ఊపిర్లు రెండో మూడో. నా మొదటి ఎల్లవ్వను ఎలుక కరిచి చంపింది. రెండో ఎల్లవ్వ మెట్ల మీద నుంచి జారి మెడ విరిగి చచ్చింది. మూడో ఎల్లవ్వను రాకాసిమూక ఒకటి జడ పట్టి ఈడ్చుకుపోయి, కొండచీలికలో పెట్టి రాళ్లతో కొట్టింది. అదంతా అజీజ్ ఏమాత్రం దాచకుండా, పళ్లు ఎలా రాలాయో కూడా చెప్పేవాడు. చచ్చినవాళ్ల కాగితం మళ్లీ వాడకూడదని మా నియమం. పొయ్యిలో వేసి, అది కాలేదాకా చూసి, కొత్త కాగితం మీద కొత్త పేరు రాసుకోవాలి. నేను మాత్రం పేరు మార్చలేదు. ఎల్లవ్వ తర్వాత మళ్లీ ఎల్లవ్వే.

మా ఆటలో గాయం మానేది కాదు. పుస్తకమంతా వెతికినా మానే సంగతి ఎక్కడా లేదు, కాబట్టి మానదని తేల్చుకున్నాం. పోశెట్టికి కన్ను పోతే పోయినట్టే, ఊపిరి తగ్గితే తగ్గినట్టే. అయినా అన్న ఒక్క పోశెట్టిని ఒక సీజన్ మొత్తం బతికించాడు. చివరికి వాడి ఒంట్లో రెండు ఊపిర్లు మిగిలాయి. ఒక చెవి లేదు, ఒక కాలు ఈడుస్తూ నడుస్తాడు, అయినా గొడ్డలి దించడు. ఎవరైనా ఎదురుపడితే ముందు తానే కొట్టేవాడు, రెండో దెబ్బకు తను ఉండడు కాబట్టి. అన్న ఆ ఆటను ప్రాణం పెట్టి ఆడేవాడు. గొడ్డలి వేటు చెప్పేటప్పుడు వాడి మెడనరాలు పొంగేవి. ఎముక ఎక్కడ పగిలిందో, మెదడు ఏ గోడకు చిందిందో తనే చెప్పేవాడు, ముకద్దం చెప్పేదాకా ఆగేవాడు కాదు. బయట అంత నెమ్మదిగా ఉండే పిల్లవాడు మరొకడు లేడు.

మా బాపు బోధన్ చక్కెర ఫ్యాక్టరీ చెరుకు యార్డులో జమాదార్. సీజన్ మొదలైతే చెరుకు బండ్లూ ట్రాక్టర్లూ రోడ్డు పొడుగునా బారులు తీరేవి. కోసిన చెరుకు ఎండుతుంటే రైతుకు రక్తం మరుగుతుంది. వరుస తప్పించి ముందుకు దూరాలని చూసేవాళ్లు, వాళ్లను పట్టుకుని కొట్టేవాళ్లు, నడుమ కొడవళ్లు లేచేవి. వరుస నిలబెట్టడం బాపు పని. ఆయన చేతిలో కొనకు ఇనుప పొన్ను వేసిన వెదురు కట్టె. ఆ కట్టెతో ఎద్దునూ మనిషినీ ఒకే తీరుగా అదిలించేవాడు. యార్డులో అందరూ భయపడేవాళ్లు, కొందరు మెచ్చుకునేవాళ్లు కూడా. మా ఇల్లు ఫ్యాక్టరీ వెనుక వీధిలో. పొద్దున లేస్తే వాకిలి నిండా పిప్పి కాలిన బూడిద. అవ్వ ముందు దాన్ని ఊడ్చి, తర్వాత నీళ్లు చల్లేది. ఆరేసిన బట్టల మీద నల్లటి నుసి. చెరుకు మడ్డి వాసన అన్నంలో, దుప్పట్లో, మా జుట్టులో. సాయంత్రం షిఫ్టు సైరన్ కూయగానే అవ్వ జొన్నరొట్టెలు మూతపెట్టి, రేడియో తగ్గించి, మమ్మల్ని ఒకసారి ఒంటినిండా చూసేది. రాళ్లబాట మీద ఇనుప పొన్ను చప్పుడు దగ్గరకొస్తున్నకొద్దీ మేం పుస్తకాలు ముందేసుకుని బాసిపట్లు వేసుకుని కూర్చునేవాళ్లం. ఏదో ఒక తప్పు దొరికేది. నాకు చెంపదెబ్బ, అవ్వకు జుట్టు, అన్నకు కట్టె. కట్టె మగపిల్లవాడి వాటా.

ఇక ఆ రోజు సంగతి. యార్డులో ఆ మధ్యాహ్నం పెద్ద కొట్లాట జరిగింది. వర్ని వైపు బండివాడికీ ఎడపల్లి బండివాడికీ వరుస దగ్గర మాట పెరిగి, ఒకడు కొడవలితో రెండోవాడి భుజం చీరాడు. విడిపించబోయిన బాపు చొక్కా నిండా రక్తం. అందుకే సైరన్ కూయకముందే ఇంటికొచ్చాడు. ఆ సంగతి మాకు తెలియదు. పెరట్లో చెరుకాకు గడ్డి మీద కూర్చుని ఆడుతున్నాం, కోట అడుగున ఉన్న ఆఖరి గదికి చేరాం. అక్కడ కాపలా ఉన్న రాక్షసుడికి అజీజ్ మొదట ఏ పేరు పెట్టాడో నాకు గుర్తులేదు. అన్నే మార్చాడు. "వాని పేరు జమాదార్" అన్నాడు. అజీజ్ నా ముఖం చూశాడు, నేను నవ్వాను. పోశెట్టికి రెండు ఊపిర్లు. అన్న సంచిలో చెయ్యి పెట్టి తీస్తే ఇరవై అంకె ఉన్న దుంప వచ్చింది. లేచి నిలబడి అరిచాడు: "జమాదార్ తల నరికిన! తల కింద పడ్డది, దాని మీద కాలు పెట్టి తొక్కుతున్న, కండ్లు బయటికొచ్చినయ్!"

బాపు పెరటి తలుపులో నిలబడి ఉన్నాడు. "ఎవని తలరా?" అన్నాడు. గొంతు పెంచలేదు. ఆ తర్వాత కట్టె లేచింది. మొదటి దెబ్బ వీపు మీద, రెండోది తొడ మీద. అన్న కిందపడి లేచాడు. ఎప్పుడూ ఏడ్చేవాడు, ఆ రోజు ఏడవలేదు. బాపు కళ్లలోకి చూస్తూ నిలబడ్డాడు. అదే బాపుకు సహించలేదు. "సూస్తవారా? నన్ను సూస్తవా?" అంటూ తలమీదికి కట్టె ఎత్తాడు. అన్న కుడిచెయ్యి అడ్డం పెట్టాడు. ఇనుప పొన్ను మణికట్టు మీద పడ్డ చప్పుడు చెరుకు గడ విరిచినట్టుంది. అరచెయ్యి వేలాడింది. అవ్వ పరుగెత్తుకొచ్చి నడుమ పడితే ఆమె చెవి దగ్గర తగిలి నెత్తురు కారింది. నేను పసుపు దుంపలు తీసి బాపు మీదికి విసిరాను, ఒక్కటీ తగల్లేదు. అజీజ్ పుస్తకాన్ని చొక్కాలో దోపుకుని గోడ దూకాడు. అందుకే అది మిగిలింది, లేకుంటే ఆ సాయంత్రమే పొయ్యిలో పోయేది.

ఎడపల్లిలో ఎముకలు కట్టే ముసలాయన దగ్గరకు తీసుకుపోతే "ఎట్ల జరిగింది?" అని అడిగాడు. అవ్వ నోరు తెరవకముందే బాపు అన్నాడు, "చెరుకు బండి మీదికెంచి పడ్డడు." ముసలాయన అన్న వీపు మీది వాతలు చూశాడు. కట్టు కట్టాడు, ఎముక వంకరగా అతికింది. అప్పటినుంచి ఆ మాటే మా ఇంటి మాట. బడిలో అడిగితే బండి మీద నుంచి పడ్డాడు. చుట్టాలడిగితే బండి మీద నుంచి పడ్డాడు. అన్నకు పెళ్లిచూపులప్పుడు పిల్ల తండ్రి చెయ్యి ఎందుకలా ఉందని అడిగితే, బాపు నవ్వుతూ "సిన్నప్పుడు శాన అల్లరోడు, బండెక్కి దుంకిండు" అన్నాడు. ఆ నవ్వు తర్వాత అన్న ఆయనతో మాట్లాడడం మానేశాడు. దెబ్బకు మానలేదు, ఆ నవ్వుకు మానేశాడు. నాతో ఒకసారి చెప్పాడు: "కొట్టిండు, సరే. మల్ల నేను పడ్డనంటడేంది చెల్లె? ఒక్కసారి వాని నోటితోని కొట్టిన్నని అననీ, నాకు ఇంకేం వద్దు." అవ్వ పోయినప్పుడు కూడా కర్మలన్నీ చేశాడు, ఆయనతో ఒక్క మాట అనలేదు.

ఆట మాత్రం ఆగలేదు, అజీజ్ వాళ్లింటికి మారింది. కొన్నేళ్లకు అజీజ్ హైదరాబాద్ పోయి, అదే ఆటకు తర్వాత వచ్చిన పుస్తకాన్ని జిరాక్సు తీయించి తెచ్చాడు. అది మరీ విడ్డూరం. ఎక్కడ చూసినా పట్టికలే. ఏ ఆయుధం ఏ కవచం మీద ఎలా పనిచేస్తుంది, దెబ్బ ఎక్కడ తగిలితే ఏ ఎముక విరుగుతుంది, నెత్తురు ఎంతసేపు కారుతుంది, అన్నిటికీ లెక్క. పాత పుస్తకంలో మనిషి ఒక్క వాక్యంలో చచ్చేవాడు, ఇందులో చావడానికి నాలుగు పట్టికలు తిరగేయాలి. అజీజ్‌కు అది ఎక్కువ ఇష్టం, నాకు విసుగు. అన్న దాన్ని తిరగేసి మణికట్టు దగ్గర ఆగాడు. నెలరోజులు ఆయుధం పట్టలేడు అని రాసి ఉంది. "నెల ఎప్పుడో దాటింది గదరా ముకద్దం, మరి నాకింక గొడ్డలి ఎందుకు వస్తలేదు?" అన్నాడు. ముగ్గురం పొట్ట పట్టుకుని నవ్వాం. అప్పటికీ వాడు కుడిచేత్తో నీళ్ల చెంబు ఎత్తలేకపోతున్నాడు.

ఇన్నేళ్లూ ఎవరు ఈ ఆట మాటెత్తినా నేను పాత పుస్తకం పక్షమే. నా కూతురు నిఖిత ఇంజనీరింగ్ చదువుతూ కొత్త పుస్తకం కొనుక్కున్నప్పటి నుంచి మా ఇద్దరికీ అదే కొట్లాట. కొత్త దాంట్లో మనిషికి ఊపిర్లు పోయినా చావడు. మూడుసార్లు పాచిక ఓడితే గానీ ప్రాణం పోదు. ఎన్ని పోట్లు తిన్నా రాత్రి నిద్రపోతే పొద్దుటికి గాయాలన్నీ మాయం. ఇదేం యుద్ధమే, పెళ్లి విడిదిలా ఉంది, అని ఎగతాళి చేసేదాన్ని. మా కాలంలో ఎలుక కరిస్తే చచ్చేవాళ్లం అని గొప్పగా చెప్పేదాన్ని. అదే నోటితో బాపు గురించి కూడా, అప్పటి కాలమే అట్లాంటిది, అందరి ఇళ్లల్లో తండ్రులు కొట్టేవాళ్లు అని సర్దిచెప్పేదాన్ని. అవ్వ పోయాక బాపు నా దగ్గరే, నిజామాబాద్‌లో ఉంటున్నాడు. పళ్లు లేవు, కోపం లేదు, నిఖితకు జడ కూడా వేస్తాడు. ఆయన ఉన్నాడని అన్న నా గడప తొక్కలేదు.

ఆ రోజు నన్ను నిజామాబాద్‌లో దింపి పోతానని అన్న కూడా నాతో ఎక్కాడు, బోధన్ నుంచి బస్సులో వస్తుంటే వాన. వర్ని బస్సుకు చాలా టైముంది, ఇంటికి వచ్చి పొమ్మని నేను పట్టుబట్టాను. వచ్చాడు. హాల్లో కుర్చీలో బాపు. "సాయిలూ, అన్నం తిన్నవా?" అన్నాడు. అన్న నా వైపు తిరిగి, "తిన్ననని చెప్పు" అన్నాడు. నిఖిత మాత్రం పుస్తకం చూసి ఎగిరి గంతేసింది. పాత పుస్తకం అసలు ప్రతి ఫోన్‌లో దొరుకుతుందట. మా దాన్నీ, ఫోన్‌లోదాన్నీ, తన కొత్తదాన్నీ బల్ల మీద పక్కపక్కన పెట్టి పేజీలు సరిచూసింది. చూసి, "అమ్మా, నువ్వు ఎన్నేళ్లనుంచి నాతో ఉత్తగనే కొట్లాడుతున్నవ్" అంది. మా పుస్తకం నడుమ పోయిన కాగితాల్లో ఏముందో చదివింది. విశ్రాంతి తీసుకుంటే రోజుకొక ఊపిరి తిరిగి వస్తుంది. వైద్యం తెలిసిన పూజారి చెయ్యి పెడితే పడ్డవాడు లేస్తాడు. కొత్తదానంత ధారాళంగా కాదు, కానీ ఉంది. మొదటి నుంచీ ఉంది.

"గట్లయితే పోశెట్టి బతికేటోడేనా?" అన్నాడు అన్న. "హాయిగ బతికేటోడు మామా" అంది నిఖిత. అన్న నవ్వాడు. "బజ్జీలు తిన్నోళ్లు బతికిండ్రు, మనోళ్లే సచ్చిండ్రు" అన్నాడు. నేను నవ్వలేకపోయాను. అజీజ్ వాళ్ల నాన్న గుర్తొచ్చాడు. అదే వీధి, అదే ఫ్యాక్టరీ బూడిద, అదే కాలం. సైకిళ్లు బాగుచేసే ఆ మనిషి ఆరుగురు పిల్లల మీద ఒక్కనాడూ చెయ్యెత్తగా మేం చూడలేదు. మేం ఆయన ఇంట్లోనే ఆడుతూ, ఆయన పోసిన చాయ్ తాగుతూ, లోకమంతా మా ఇల్లులాగే ఉంటుందని అనుకున్నాం. కాలం మీద తోసేసి నేను ఇన్నేళ్లు బాపుకు వకీలుగా ఉన్నాను. నాకు ఒళ్లు మండిపోయింది.

నిఖిత ఊరుకోలేదు, అందరం కలిసి ఒక ఆట ఆడాల్సిందేనంది. తాతతో తను అప్పుడప్పుడు ఆడుతుంది, ఆయన వేషం పూజారి. చేతిలో గద ఉంటుంది, చెయ్యి పెట్టి గాయాలు మాన్పే శక్తి ఉంటుంది. అన్న కాదనలేదు, మేనకోడలి మాట తీసెయ్యలేడు. కొత్త పద్ధతిలో ఆట మొదలుపెట్టే ముందు, కథలో ఏది రాకూడదో ఒక్కొక్కరినీ అడుగుతారు. మా కాలంలో ఎవరూ ఎవరినీ అలా అడగలేదు. నేను పాములొద్దన్నాను. బాపు "నాకేం భయం?" అన్నాడు. "మామా, నీకు?" అంది నిఖిత. అన్న చెప్పాడు, "కట్టె వద్దు బిడ్డా. కత్తి, గొడ్డలి, నిప్పు, ఏదన్న పెట్టు. కట్టె ఒక్కటి వద్దు." చేతిలో ప్లాస్టిక్ పాచికను తిప్పుతున్న బాపు ఆగి, మళ్లీ తిప్పసాగాడు. నిఖితకు ఏమీ తెలియదు, కాగితం మీద రాసుకుంది.

నిఖిత కథ నడిపింది: పాడుబడ్డ మిల్లులో ఎద్దంత సాలెపురుగు. మొదటి వంతులోనే అది ఎల్లవ్వ కడుపులో కోర దించింది, నేను పేగులు పట్టుకుని గోడకు చేరగిలబడ్డాను. బాపు చెయ్యి పెట్టి నన్ను లేపాడు, సంబరంగా. అన్న పోశెట్టి దాని కాళ్లు ఒక్కొక్కటే నరుకుతూ ముందుకు పోయాడు. నల్లటి నెత్తురు ముఖాన చిమ్మిందని, అది కళ్లు మండిస్తోందని అన్నే చెప్పాడు. మళ్లీ ఆ మెడనరాలు పొంగడం చూశాను. పురుగు వెనక్కి తిరిగి ఒకే పోటుతో వాణ్ని నేలకు గుచ్చింది. ఊపిర్లు అయిపోయాయి. రెండుసార్లు పాచిక వేస్తే రెండుసార్లూ ఓడాడు. ఇంకొక్కసారి ఓడితే ప్రాణం పోతుంది. అప్పుడు బాపు వంతు వచ్చింది.

"తాతా, మామ పడిపోయిండు, రక్తం కారుతున్నది. చెయ్యి పెట్టి లేపుతవా, పురుగును కొడ్తవా?"

"కొడ్త" అన్నాడు బాపు.

"చూస్కో తాతా, లేపకపోతే మామ సచ్చిపోవచ్చు."

"పురుగు సావనీకి వచ్చింది గద? కొడ్త!" పాచిక వేశాడు. పెద్ద అంకె పడింది. గద పురుగు తల మీద పడి, తల చితికి, లోపలిదంతా బయటికొచ్చింది. బాపు బల్ల మీద అరచేత్తో చరిచి, "సచ్చింది సూడు!" అని బోసినోటితో నవ్వాడు. అన్న తన పాచిక వేశాడు, ఓడాడు. పెన్సిలు బల్ల మీద పెట్టాడు. "మంచిగున్నది బిడ్డా నీ ఆట" అని నిఖిత తల నిమిరి, పాత పుస్తకం తీసుకుని, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

"ఆడేంది గట్ల లేసిపోయిండు? గెలిచినం గద?" అన్నాడు బాపు.

"గెలిచినవ్ బాపూ. ఎప్పటికీ నువ్వే గెలుస్తవ్. ఇప్పుడు నా బిడ్డ ముందల చెప్పు, సాయిలన్న చెయ్యి ఎట్ల విరిగింది? బండి మీదికెంచి పడ్డడా?" అని అరిచాను. నిఖిత లేచి నిలబడింది. తాతను నేనలా అనడం అది ఎప్పుడూ వినలేదు. బాపు నవ్వు ముఖం మీదే ఉండిపోయి, మెల్లగా పోయింది. పాచికను చేత్తో పక్కకు జరిపాడు.

"పడలే" అన్నాడు.

"యాదికున్నదా నీకు?"

"ఎందుకుండదు? ఆ సప్పుడు ఇంగ ఇనబడతది నాకు."

"మరి ఒక్కనాడన్న వానితోని అన్నవా?"

"అన్నంక వాని ముందల ఎట్ల కూసోవాలె బిడ్డా?"

"ఇన్నేండ్ల సంది కూసున్నవా వాని ముందల?" అన్నాను. ఆయన కుర్చీ పట్టుకుని లేచాడు. నిఖిత చెప్పులు తెచ్చి కాళ్ల దగ్గర పెట్టింది. వాన తగ్గి చినుకులు పడుతున్నాయి. నా భుజం మీద చెయ్యి వేసి, ఆగి ఆగి నడిచాడు, సందు చివర ఆటోలు ఆగే చోటు దాకా. అన్న పుస్తకాన్ని చంకలో పెట్టుకుని రోడ్డు వైపు చూస్తున్నాడు. మమ్మల్ని చూసి ముఖం తిప్పుకున్నాడు. బాపు నా భుజం వదిలి, ఏ ఆసరా లేకుండా వాడికి ఎదురుగా పోయి నిలబడ్డాడు. పక్కన పండ్ల బండివాడున్నాడు, ఎవరో ఇద్దరు ఆడవాళ్లున్నారు. వాళ్లను చూసి గొంతు తగ్గిస్తాడనుకున్నాను. తగ్గించలేదు.

"సాయిలూ, నువ్వు పడలేరా. నేనే కొట్టిన. నా కట్టెతోని నేనే ఇరగ్గొట్టిన, అందరికీ అబద్ధం జెప్పిన."

ఆటో వచ్చి ఆగింది. డ్రైవరు "బస్టాండా?" అని అడిగాడు. అన్న వాడి వైపు చూడలేదు. వంకర చేతిని రెండో చేత్తో పట్టుకున్నాడు.

"ఇంకోసారి చెప్పు బాపూ" అన్నాడు.